చేప కోసిన కత్తి

ముప్పై ఒక్క ఏళ్ళు మలేషియాలోని పోర్ట్ క్లాంగ్ రేవులో క్రేన్ నడిపాను. ఒక్కసారి కూడా మనిషి తల మీదుగా బరువు తిప్పలేదు. గొప్ప చెప్పుకోవడం కాదు, ఆ పనికి అది మొదటి నియమం. ఓసారి కింద ఎవడో బూటు లేసు కట్టుకుంటూ కూర్చుంటే, కంటైనర్‌ని గాలిలోనే ఆపేసి వాడు లేచి పోయేదాకా కదల్చలేదు. సూపర్‌వైజర్ మణియం కింద నుంచి తిట్లు లంకించుకున్నాడు. తిట్టుకోనీ అనుకున్నాను. రెండో నియమం, సరుకుకి చిన్న గీత పడ్డా సరే దాచకుండా చెప్పెయ్యాలి. అదీ ఎప్పుడూ తప్పలేదు. ఆ రెండూ నేను ఒకే మధ్యాహ్నం తప్పాను, అదీ మా అప్ప విషయంలో.

మా ఇళ్ళల్లో అక్కని అప్ప అంటాం. మా అప్ప నాగవల్లికి క్లాంగ్‌లో పూలకొట్టు. చిన్నప్పుడు బటాంగ్ బెర్జుంటై ఎస్టేటులో రబ్బరు పాలు తీసిన చేతులు ఆమెవి. ఆ చేతులు మాల కడుతుంటే చూడాలి. మాటలు మనతో, కళ్ళు రోడ్డు మీద, వేళ్ళు మాత్రం తమ పని తాము చేసుకుపోయేవి. పెళ్ళిమాలలకి తమిళులు కూడా వేరే కొట్లు దాటుకుని ఆమె దగ్గరికే వచ్చేవారు.

ఆమెకి ఒకటే ముచ్చట. "అంత ఎత్తునుంచి ఏటి కనపడతాదిరా అప్పడూ?" అని ఎన్నేళ్ళుగానో అడిగేది. రేవులోకి బయటివాళ్ళని రానివ్వరు. అందుకే రిటైరైన నెలలోనే కెమెరా డ్రోన్ కొన్నాను. ముసలాడికి దసరా పండగ అని అందరూ నవ్వారు. నేను కొన్నది అప్పకి చూపించడానికే.

మొరిబ్ బీచ్‌కి తీసుకెళ్ళాను. కొట్టు మూయడం కుదరక ఆమె కూతురు పుష్పవల్లి రాలేదు. నా పద్ధతి ప్రకారం అన్నీ చూసుకున్నాను. గాలి, బ్యాటరీ, రెక్కల బిగువు. జనానికి దూరంగా వెళ్ళి, ఇసుక ఎగరకుండా చాప పరిచి, దాని మీద నుంచి లేపాను. అవతల గాలిపటాలు ఎగరేస్తుంటే అటు పోనివ్వలేదు. అప్ప ఫోన్‌లో చూస్తూ చిన్నపిల్ల అయిపోయింది.

"ఓలమ్మ! సముద్రం ఇంత ఉంటాదేటిరా! మరి నానేదిరా?"

ఇసుక మీద చీమంత చుక్కని చూపించాను.

"సీమని సూసుకోడానికి ఇంత దూరం వచ్చినానేటి? దించరా! నా ముఖం కనపడాల. పుష్పకి సూపించాల."

"మనుషుల మీదకి దించకూడదప్పా."

"నాను మనిషినేటిరా? నీ అప్పని."

నవ్వేశాను. కూడదని తెలిసీ దించాను. తెరమీద ఆమె ముఖం పెద్దదవుతుంటే నా కళ్ళు అక్కడే అతుక్కుపోయాయి, ఆకాశం వైపు చూడనే లేదు. తెగిన గాలిపటం ఒకటి కొట్టుకొచ్చి, దాని దారం రెక్కలకి చుట్టుకుంది. డ్రోన్ పడిపోతుంటే అప్ప ముఖానికి కుడిచెయ్యి అడ్డం పెట్టుకుంది.

చేతికి తువ్వాలు చుట్టి కారెక్కించాను. తువ్వాలంతా నెత్తురు. అప్పుడు కూడా ఆమెకి నా గొడవే.

"అది తగిలినాదని సెప్పకు. పోలీసులొస్తారు. ఇన్నేళ్ళు మచ్చ నేకుండా బతికినావు."

దారిలో ఒక చిన్న క్లినిక్ కనిపిస్తే ఆపాను. చేప కోస్తుంటే కత్తి జారిందని డాక్టరుకి అప్పే మలయ్ భాషలో చెప్పింది. ఆయన నా వైపు తిరిగి, "కత్తేనా?" అని అడిగాడు. గోడకి దోమల పోస్టర్ ఉంది. దాన్ని చూస్తూ తలూపాను. ఆయన కడిగి, కుట్లేసి పంపించాడు. ఇంటికెళ్ళాక పుష్పవల్లికీ అప్ప అదే చెప్పింది, బీచ్ దగ్గర కొన్న చేప కోస్తుంటే తెగిందని.

కుట్లు మానాయి. చూపుడువేలు వంగలేదు. ఐదు వారాల తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, స్కాన్‌లో గోరుముక్కంత ప్లాస్టిక్ పెంకు కనిపించింది. పక్కనే తెగిన నరం. "ఇదేం కత్తి?" అంది అక్కడి డాక్టరమ్మ. అప్పుడు నిజం చెప్పాను. తిరిగే రెక్క తగిలిందని మొదటి రోజే చెప్పి ఉంటే లోపలిదాకా వెతికేవారని, వేలు దక్కేదేమోనని, ఇప్పుడు ఆలస్యమైపోయిందని ఆమె నెమ్మదిగా చెప్పింది. కోప్పడినా బాగుండేది.

ఏడు నెలలుగా రోజూ పొద్దున కొట్లో కూర్చుంటున్నాను. అప్ప చెబుతుంది, నేను కడతాను. నలభై టన్నుల పెట్టెని గుడ్డు దించినట్టు దించినవాణ్ణి, మల్లెమొగ్గకి ముడి వెయ్యలేకపోతున్నాను. పెళ్ళిమాలలు మానేశాం. ఈ రోజు ఒకావిడ నేను కట్టిన మాల పట్టుకుని రోడ్డు దాటేలోపే సగం పూలు రాలిపోయాయి. పుష్పవల్లి పరుగెత్తి ఇంకోటి ఇచ్చి వచ్చి, తల్లి మీద విరుచుకుపడింది.

"సేపలు నాను కోస్తానంటే ఇనవు. నీకు తొందరేటే అమ్మా? సెయ్యి పోగొట్టుకున్నావు, ఇప్పుడు కొట్టు పోగొడతావు!"

అప్ప పూలబుట్ట మీదకి వంగి మొగ్గలు ఏరుకుంటోంది. ఈ ఏడు నెలలూ నా పేరు బయటపెట్టలేదు. నాకు పడాల్సిన తిట్లన్నీ ఆమె తింటోంది.

"సేప కాదమ్మా," అన్నాను. "కత్తీ కాదు. నానే."

అప్ప కళ్ళెర్రజేసింది. నేను ఆగలేదు. బీచ్ సంగతి, క్లినిక్ సంగతి అంతా చెప్పేశాను. ఎవరికీ చూపించకుండా దాచిన వీడియో కూడా పెట్టాను. తెరమీద అప్ప తలెత్తి పకపకా నవ్వుతూ దగ్గరవుతోంది. తర్వాత అడ్డొచ్చిన అరచెయ్యి. పుష్పవల్లి వీడియోని అక్కడ ఆపేసి, ఆ ఐదు వేళ్ళ వంక చాలాసేపు చూసింది.

"డాక్టరు అడిగినప్పుడు ఎందుకు సెప్పనేదు మావా?"

అప్ప వద్దందని చెప్పొచ్చు. కానీ ఆ గదిలో నేను తలూపింది అప్ప మాట కోసం కాదు, భయంతో. ఆ సంగతి పుష్పవల్లితో అనలేక దారపు ఉండ అందుకున్నాను.

"ఒగ్గీయే," అంది అప్ప కూతురితో. పూలబుట్ట నా ముందుకు జరిపింది. "గుడికి మాల పంపాల. ముడి బిగించరా అప్పడూ."

ముడి వెయ్యబోతే దారం జారిపోయింది. అప్ప పక్కకొచ్చి కూర్చుంది. ఎడమచేత్తో నా చూపుడువేలు పట్టుకుని, దారం చుట్టూ మెల్లగా వంచింది.