నిలబడి తినేవాళ్ల హాల్లో కుర్చీ

నేను ఒక కుర్చీని. మేపుల్ చెట్టు కర్ర నాది. మెత్త లేదు, చేతులు లేవు. నాలుగు కాళ్లు, వీపుకు మూడు పట్టీలు, అంతే. మనిషి వచ్చి కూర్చుంటే మోస్తాను. ఇంతకుమించి నాకు పని తెలియదు. ఈ పని చేసినందుకే నన్ను బయటికి గెంటారు. ఆ సంగతి చెబుతాను.

నన్ను చేసింది అమెరికాలో, నార్త్ కరోలినా అనే చోట ఒక వడ్రంగి. మాటలు తక్కువ మనిషి. మేకు కొట్టకుండా కర్రకు కర్ర బిగించాడు. చేశాక తానే ఒకసారి కూర్చుని చూశాడు. ఊఁ అన్నాడు. నాకు దొరికిన సర్టిఫికెట్ అదే.

నూట ఇరవై కుర్చీలం లారీ ఎక్కి వాషింగ్టన్ వచ్చాం. అక్కడ చట్టాలు చేసే పెద్ద గుమ్మటం భవనం ఉంది. దానికి కూతవేటు దూరంలో ఒక అద్దె హాలు. సాయంకాలమైతే అక్కడ విందులు. పెట్టేది సంఘాలు. పాల కంపెనీల సంఘం, మందుల కంపెనీల సంఘం, ఇసుక తవ్వేవాళ్ల సంఘం, ఒకటేమిటి. తినేది చట్టాలు చేసే సభ్యులు. ఒకడు పెడతాడు, ఒకడు తింటాడు, మధ్యలో ఒక కాగితం చేతులు మారుతుంది. కింద ఉండేదాన్ని గదా, నా మీద కూర్చున్నవాళ్ల మొహాలు నాకు కనపడవు. బరువు తెలుస్తుంది. వచ్చినప్పటికంటే పోయేటప్పుడు ప్రతి మనిషీ బరువుగా లేచేవాడు.

కొన్నాళ్లకు జనం గోల పెట్టారు. కొత్త నియమం వచ్చింది. కూర్చుని కంచంలో తింటే అది విందు, సభ్యుడు తీసుకోకూడదు. నిలబడి, పుల్లకు గుచ్చిన ముక్క నోట్లో వేసుకుంటే అది విందు కాదు, ఫరవాలేదు. నిజాయితీ మనిషికి మోకాళ్లలో ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. నిటారుగా ఉన్నంతసేపూ ఉంటుంది, వంగితే పోతుంది. పెట్టేవాడు పెట్టడం మానలేదు, తినేవాడు తినడం మానలేదు. కుర్చీలు తీసేశారు, అంతే. నేను వరండాలో గోడకు ఆనుకున్నాను.

అక్కడే ఆదెమ్మ పరిచయం. హాల్లో బల్లలు సర్ది నేల తుడిచే మనిషి. యాభై దాటింది. నడుం పట్టేసినప్పుడల్లా నా మీద కూలబడి మేనేజరును తెలుగులో తిట్టేది. నాకు ఈ భాష అట్లా వచ్చింది. ముందు తిట్లు వచ్చాయి, మిగతాది తర్వాత.

ఒక మధ్యాహ్నం ఎవరో వచ్చి నా మీద కూర్చున్నాడు. పిట్ట వాలినట్టుంది, బరువే లేదు. దగ్గు మాత్రం నా పట్టీలు అదిరేట్టు ఉంది.

"అమ్మా..." అన్నాడు దగ్గు మధ్యలో.

తుడిచే చెయ్యి ఆగింది. "తెలుగాయనవా? ఏ ఊరన్నా?"

"చీమకుర్తి."

"మాది కందుకూరు కాడ. ఏందన్నా ఆ దగ్గు?"

"బండ దుమ్ము."

పేరు మాలకొండయ్య. ఊళ్లో గ్రానైటు కోసే పని, ఇక్కడా అదే పని. అమెరికావాళ్లు వంటింటి గట్లకు రాతి పలకలు వేసుకుంటారు. వాటిని నీళ్లు పోస్తూ కోయాలి. లేకపోతే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మనిషినే రాయి చేస్తుంది. పని ఆలస్యమవుతుందని చాలా షాపుల్లో నీళ్లు పోయరు. పోసి తీరాలని ఇప్పుడొక చట్టం రాబోతోంది. దాని చివర ఒక వాక్యం దూరింది: పాతికమందికి తక్కువ పనిచేసే షాపులకు ఇది వర్తించదు.

"పాతికమంది ఉండే షాపు యాడుందమ్మా? మాది ఆరుగురి షాపు. ఇద్దరు పోయినారు. మూడోవాణ్ణి నేను," అన్నాడు.

మర్నాడు ఉదయం ఆ చట్టం మీద కమిటీలో ఓటు. కమిటీ పెద్దను కలవాలని వారం నుంచి తిరుగుతున్నాడు. ఆరు వారాలయ్యాక రమ్మన్నారట. ఆ పెద్దమనిషి ఈ సాయంత్రం ఇదే హాలుకు వస్తున్నాడు. పిలిచింది రాతి పలకల కంపెనీల సంఘం. ఆ వాక్యం పుట్టింది కూడా వాళ్ల ఆఫీసులోనేనని కోసేవాళ్లంతా అనుకుంటున్నారు.

"లోపల పది నిమిషాలు నిలబడగలవా అన్నా?"

"రెండు నిమిషాలు కూడా నిలబళ్లేనమ్మా."

ఆదెమ్మ నా వైపు చూసింది.

ఆరు గంటలకు నన్ను ఒక చంకన ఇరికించుకుని, ఇంకో చేత్తో మాలకొండయ్యను పట్టుకుని, వంట సామాను వచ్చే తలుపులోంచి హాల్లోకి తెచ్చింది. నడిమధ్యన వేసింది. ఆయన కూర్చున్నాడు.

రెండు వందలమంది నిలబడి ఉన్నారు. ఒక్కడు కూర్చున్నాడు. హాల్లో పాము దూరినట్టయింది. సంఘం తరఫు మనిషి వెండెల్ పరుగున వచ్చాడు. మెత్తని మాట, తెల్లని పళ్లు.

"ఈ కుర్చీ తీసెయ్. కుర్చీ వేస్తే ఇది విందు కిందికి వస్తుంది. మా లాయరు ఒప్పుకోడు."

"ఆయన తింటంలేదయ్యా. చూడు, చేతిలో పుల్ల కూడా లేదు," అంది ఆదెమ్మ తనకొచ్చిన ఇంగ్లీషులో.

"నువ్వెవరు?"

"నేల తుడిచేదాన్ని. నేల మీద ఏం వెయ్యాలో నాకు తెలుసు."

వెండెల్ నా వీపు పట్టుకుని లాగాడు. నాలుగు కాళ్లూ అదిమి పెట్టాను. పిట్టంత మనిషి, ఆ పూట కొండంత బరువు వేశాడు నా మీద. కుర్చీలు ఏమీ చేయలేవంటారు. ఊరికే అంటారు.

"లేవను," అన్నాడు మాలకొండయ్య.

కమిటీ పెద్ద ఇటు తిరిగాడు. తెల్లజుట్టు ముసలాయన, చేతిలో రొయ్య గుచ్చిన పుల్ల. ఏమిటీ గొడవ అన్నాడు. కూర్చున్నవాడి గొంతు నిలబడ్డవాడికి అందదు. అందులోనూ దగ్గు గొంతు. వంగక తప్పలేదు.

మాలకొండయ్య జేబులోంచి కాగితం తీశాడు. "సార్, ఈ వాక్యం మీరు రాసిందేనా?"

ముసలాయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "మా ఆఫీసు రాసి ఉంటుంది."

"మీ ఆఫీసుకు ఎవరు రాసిచ్చారు?"

ముసలాయన చూపు వెండెల్ మీదికి పోయింది. వెండెల్ తన గ్లాసులోకి చూసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా అది చూశారు.

"అసలు చదివారా సార్?"

"మూడు వందల పేజీల చట్టమయ్యా ఇది."

"ఇది ఒక్క లైను సార్. ఈ లైను కింద మేం ఆరుగురం ఉండేవాళ్లం. ఇప్పుడు నలుగురం."

ముసలాయన పుల్ల పక్కన పెట్టేశాడు. నడుం నొప్పో ఏమో, ఒక మోకాలు వంచి నేలకు ఆనించాడు. నియమం ప్రకారం ఆయన నిజాయితీ ఆ క్షణాన పోవాలి. నాకు మాత్రం అప్పుడే వచ్చినట్టనిపించింది. పదకొండు నిమిషాలు విన్నాడు.

మర్నాడు కమిటీలో ఆ వాక్యం కొట్టేశారు. ఆదెమ్మను పనిలోంచి తీసేశారు. నన్ను వెనక సందులో చెత్త డబ్బా పక్కన పడేశారు. తన సంచీ తీసుకుపోవడానికి వచ్చిన ఆదెమ్మ నన్ను చూసి, "నిన్నూ తరిమినారా?" అంటూ ఎత్తుకుంది.

కథ కంచికి పోలేదు. ఆ చట్టం ఆ ఏడు ముందుకు కదల్లేదు. ఏడాది తిరిగేసరికి దాన్ని ఇంకో పెద్ద చట్టంలో కలిపారు. పన్నెండు వందల పేజీలది. ఆ వాక్యం మళ్లీ వచ్చి నాలుగు వందల పన్నెండో పేజీలో కూర్చుంది. దాన్ని మాత్రం ఎవరూ లేవమనలేదు.

ఆ పెద్ద చట్టం మీద ఓటు ఇంకా కాలేదు, అందుకని ఇప్పుడు నేను సభ్యుల ఆఫీసులుండే భవనం ముందు కాలిబాట మీద ఉన్నాను. ఆదెమ్మ మోసుకొచ్చింది. మాలకొండయ్య ముక్కుకు గొట్టం ఉంది, ఆక్సిజన్ సిలిండరు నా వెనక కాలికి కట్టారు. ఇక్కడ కూర్చోకూడదన్నాడు కాపలావాడు. "యాడ రాసుందో చూపించు, చదువుకుంటాం," అంది ఆదెమ్మ. అతను చూపించడానికి వెతుక్కుంటూ పోయి ఇంకా రాలేదు.

లోపలికి పోయే ప్రతి సభ్యుణ్ణీ మాలకొండయ్య ఒకటే అడుగుతున్నాడు. "నాలుగు వందల పన్నెండో పేజీ చదివారా?" ఏడుగురు విననట్టు పోయారు. ఎనిమిదో ఆవిడ ఆగింది. లేదు, చదవలేదు అంది. చదవలేదని ఒప్పుకున్న మొదటి మనిషి. కాగితం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చదువుతుండగానే తొమ్మిదో మనిషి కారు దిగాడు.

"సార్," అన్నాడు మాలకొండయ్య.