బోడిమెడ వంశం

ఆ ఏడాది ఎండ ఎంతటిదంటే, కోడి పెట్టిన గుడ్డు గడ్డి మీద పడేలోపే ఉడికిపోయేదని పుంజు మామయ్య చెబుతాడు. అందులో సగం కోతలని తీసేసినా మిగతా సగానికే మాడు పగిలిపోతుంది. పెరటి రేకుల షెడ్డులో ఆయన ప్రాణంగా పెంచుకునే కోళ్లు చాలావరకు ఆ ఎండకు నోళ్లు తెరిచి, రెక్కలు జారవిడిచి, ఒక్కొక్కటే ఒరిగిపోయాయి.

పుంజు మామయ్య అన్న పేరు ఊరికే రాలేదు. ఛాతీ ముందుకూ మెడ పైకీ పెట్టి నడుస్తాడు. తెల్లారకముందే లేచి, వీధంతా ఉలిక్కిపడేలా గొంతు సవరించుకుంటాడు. అత్తయ్య బట్టలు కుడుతుంది. ఆమె కుట్టు మిషను వంటగదికీ మంచానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఎవరైనా మంచినీళ్లకు వెళ్లాలంటే ఆమె లేచి, కుర్చీ మడిచి, కడుపు లోపలికి లాక్కుని దారివ్వాలి. అందుకే చాలాకాలంగా ఆమె కన్ను ఆ షెడ్డు మీద ఉంది.

"చూడండీ, ఇంకొక్క ఎండాకాలం ఓపిక పడతాను," అంది అత్తయ్య. "ఈసారీ కోళ్లు ఇలాగే పోతే షెడ్డు నాది. మిషను అక్కడ వేసుకుంటా. మీరు ఇంట్లోనే కూర్చుని కూతలు కూద్దురు గానీ."

మామయ్యకు ఇది కుదరని పని. కోళ్లు లేకపోతే పొద్దున్నే లేచి ఆయన ఎవరితో మాట్లాడాలి? అత్తయ్యతో మాట్లాడితే ఆమె తిరిగి మాట్లాడుతుంది. అదీ ఇబ్బంది.

బాగా ఆలోచించాడు. పోయినవాటికి ఏడ్చి లాభం లేదు, బతికినవాటిని చూడాలి. బతికినవాటి గట్టితనం వాటి పిల్లలకూ వస్తుంది కదా! బతికినవి రెండు రకాలు. షెడ్డులో వంటింటికి ఆనుకున్న గోడవార గూట్లో ఉండే బొద్దు పెట్టలు ఒక రకం. ఒంటినిండా ఈకలతో, పట్టుచీర కట్టుకుని పేరంటానికి బయల్దేరినట్టుంటాయి. షెడ్డు నట్టనడుమ, రేకులు నిప్పులు కక్కేచోట తిరిగే బోడిమెడ పుంజు ఒక్కటే రెండో రకం. పుట్టుకతోనే దాని మెడ మీద ఈక మొలవలేదు. గొంతు కింద మాత్రం ఒక కుచ్చు వేలాడేది. మంగలి సగం గొరిగి భోజనానికి వెళ్లిపోయినట్టుండే దాని వాలకం చూస్తే మామయ్యకు పరువు పోయినట్టుండేది.

"గోడవార పెట్టలదే రాజవంశం," అని తేల్చేశాడు. "ఎండే వాటికి దణ్ణం పెట్టి పోయింది. వాటి గుడ్లే పొదిగిస్తా."

"మరి ఈ బోడోణ్ణి నాకిచ్చెయ్ బావా," అన్నాడు బావమరిది. అత్తయ్య తమ్ముడు, వీధి చివర కోడిమాంసం కొట్టు వాడిదే. "సగం ఈకలు వాడే పీక్కుని సిద్ధంగా ఉన్నాడు. నాకు పని తక్కువ."

"ఇప్పుడే కాదురా బామ్మర్దీ! మిగిలిన పుంజు అదొక్కటే. పిల్లలు దిగాక పట్టుకుపో. తల్లి మంచిదైతే చాలు, తండ్రిదేముంది?"

"ఆ మాట మా అక్క ముందను, చూద్దాం!"

పిల్లలు దిగాయి. ఈకలు వస్తున్నకొద్దీ మామయ్య మొహం మాడుతూ వచ్చింది. దాదాపు సగం పిల్లలు తల్లుల్లాగే నిండు మెడలతో ముద్దొస్తున్నాయి. తక్కినవాటికి అచ్చం తండ్రి మెడే! అదే బోడి, అదే కుచ్చు.

"తండ్రిదేముందన్నావుగా బావా!" అని బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. పక్కింటావిడ ప్రహరీ మీంచి తొంగిచూసి, "పాపం, కోళ్లకేదైనా జబ్బా?" అని అడిగింది. మామయ్యకు తల కొట్టేసినట్టయింది.

నేరుగా మిషను దగ్గరికి వెళ్లాడు. "ఏమే, గుడ్డముక్కలు చాలానే పడున్నాయి కదా. వాటికి మెడపట్టీలు కుట్టిపెట్టవూ?"

అత్తయ్య నవ్వీ నవ్వీ సూది విరగ్గొట్టుకుంది. అయినా చేతిపని చేతిపనే. మెత్తటి ఎలాస్టిక్ వేసి, పూలవీ చారలవీ పట్టీలు కుట్టింది. బోడిమెడ సంతానమంతా బడికి బయల్దేరిన పిల్లల్లా షెడ్డులో తిరిగింది.

అంతలోనే మళ్లీ ఎండాకాలం వచ్చి ఎండలు ముదిరాయి. గోడవార గూడు తల్లులకే చాలక, ఎదిగిన పిల్లలన్నీ రేకుల నడుమనే ఉన్నాయి. ఒక మిట్టమధ్యాహ్నం మామయ్య తలుపు తీసేసరికి రాజవంశపు పిల్లలు నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. పట్టీలవాళ్లూ రొప్పుతున్నారు. వెనకే అత్తయ్య, మెడలో కొలత టేపుతో.

"కిటికీ ఇటు పెట్టిస్తే వెలుతురు బాగుంటుంది," అంది మెల్లగా.

మామయ్య లోపలికి అడుగు పెట్టాడు. అప్పుడు కనబడింది ఓ పెట్ట. దాని పట్టీ తీగకు తగులుకుని ఊడిపోయినట్టుంది, బోడిమెడతో నిక్షేపంగా నేల కెలుక్కుంటోంది. నోరు మూసే ఉంది. మామయ్య దాని మెడ వంక చూశాడు. తర్వాత పక్కనున్న పిల్లను పట్టుకుని పట్టీ లాగేశాడు. దాని ఎర్రటి మెడ పెనంలా కాలుతోంది. గాలి తగిలాక కొంతసేపటికి రొప్పడం తగ్గింది, నోరు మూసుకుంది.

"ఒసేయ్, కత్తెర పట్రా!" అని కేకేశాడు. "వీళ్ల ఒంట్లో వేడి మెడలోంచే పోతోందే! మనం కిటికీకి గోడ కట్టేశాం!"

పట్టీలన్నీ తెగిపడ్డాయి. బోడిమెడలన్నీ తేరుకున్నాయి. ఈకలవాళ్లు మాత్రం ఇంకా తూలుతూనే ఉన్నారు. మామయ్య వాటిని చంకలో వేసుకుని గోడవారకు మోశాడు. అక్కడ అవీ నెమ్మదిగా కళ్లు తెరిచాయి. ఆయాసంతో గోడకు ఆనుకున్నవాడు ఉలిక్కిపడ్డాడు. గోడ కుండలా చల్లగా ఉంది.

"ఇదేమిటే?"

"అవతల వంటింట్లో నా తొట్టి ఉందిగా! నూలు గుడ్డ కుట్టేముందు తడిపి ఆరేయకపోతే తర్వాత కుంచించుకుపోతుందని రోజూ అందులోనే నానబెడతా. ఆ తడి గోడకు ఊరుతుంది."

"అంటే రాజవంశం..."

"తడిగోడ వంశం. తల్లి చల్లగా కూర్చున్నంత మాత్రాన పిల్లకు చలవ రాదండీ. మా నాన్న జీవితమంతా గొడుగేసుకునే తిరిగాడు. నేనేమైనా గొడుగుతో పుట్టానా? ఆయన ముక్కు మాత్రం నాకూ వచ్చింది, మా తమ్ముడికీ వచ్చింది."

గోల విని పరిగెత్తుకొచ్చిన బావమరిది గబుక్కున ముక్కు మీద చెయ్యి వేసుకున్నాడు.

మధ్యాహ్నాలు ఈకలవాళ్లను గోడవారే సర్ది ఉంచడంతో ఆ ఎండాకాలంలో షెడ్డులో ఒక్క కోడీ ఒరగలేదు. తొలివాన పడిన రోజు బావమరిది గంప పట్టుకుని వచ్చాడు. "బోడోళ్లు గెలిచారుగా బావా, ఈకలోళ్లను నాకిచ్చెయ్."

"పోరా! చలికాలంలో బోడిమెడలు వణికిపోతాయి, అప్పుడు ఈకలవాళ్లే మొనగాళ్లు. ఏ కాలం ఎలా వస్తుందో ఎవడికి తెలుసు? నా ఇంట్లో అన్ని రకాలూ ఉండాల్సిందే. నిన్ను కూడా ఉండనిస్తున్నానా లేదా?"

తర్వాత ఛాతీ విరుచుకుని భార్య వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పు, షెడ్డు ఎవరిది?"

"మీదే. మాటంటే మాటే. కానీ ఆ చల్లటి గోడవార మూల మాత్రం నాది."

"అదేమిటే! మరి నా బొద్దు పెట్టలు?"

"నేనూ అవీ ఒద్దికగానే ఉంటాం లెండి. వచ్చే ఎండాకాలం లోపు మీ బోడిపిల్లల సంఖ్య పెరగదూ? వాళ్లకు గోడతో పనేముంది?"

మామయ్య నోరు తెరిచాడు. ఆ క్షణాన అచ్చం ఎండదెబ్బ తిన్న రాజవంశపు పెట్టలా ఉన్నాడని బావమరిది ఇప్పటికీ చెబుతాడు. మిషను తలకెత్తుకుని షెడ్డులోకి మోసింది మాత్రం మామయ్యే. అడుగడుగునా మూలుగుతూ, "మెల్లగా, సూది జాగ్రత్త," అని వెనక నుంచి అత్తయ్య అదిలిస్తుంటే. బొద్దు పెట్టలు విసుక్కుంటూ పక్కకు జరిగి చోటిచ్చాయి.