జానెడు వెనక్కి పడిన చూపు

నేను ఒక కెమెరాను. మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరా అంటారు నన్ను. పేరులో మీడియం అని ఉందిగానీ, మీ పెళ్లిళ్లలో తిరిగే కెమెరాలకు నేను పెద్దక్కలాంటిదాన్ని. నాలో బొమ్మ పడే పలక పెద్దది, ఒళ్లు బరువు, పని నిదానం.

పుట్టింది జపాన్‌లో. తెల్ల తొడుగులు వేసుకున్న చేతులు నన్ను బిగించి, తుడిచి, పెట్టెలో పడుకోబెట్టాయి. మొదట హైదరాబాదులో నగల ప్రకటనలు తీసే ఒకాయన దగ్గర ఉన్నాను. నాకంటే చురుకైనది మార్కెట్లోకి రాగానే ఆయన కంటికి నేను ముసలిదాన్నయిపోయాను. అలా చేతులు మారి తెనాలిలో కాశీపతి స్టూడియోకి చేరాను. ఆయన మంగళగిరి చీరలకు ఫోటోలు తీసి, నేతలో పోగు పోగూ కనిపించేలా పెద్ద ప్రింట్లు వేసి దుకాణాలకు ఇచ్చేవాడు.

ఆయన భార్య సుభాషిణి నన్ను రెండు చేతులా అందుకుని, "చంటిపిల్లంత బరువుందండీ" అంది. ఆ సాయంత్రమే తన పాత నూలు చీర కత్తిరించి నాకో దుప్పటి కుట్టింది. హైదరాబాదాయన నన్నెప్పుడూ దుమ్ముకు వదిలేసేవాడు కాడు. కానీ దుప్పటి కప్పడం వేరు.

కాశీపతికి లెన్సుల పిచ్చి. ఎక్కడెక్కడి పాత లెన్సులో తెప్పించేవాడు, నచ్చితే ఉంచుకునేవాడు, లేకపోతే తిప్పి పంపేవాడు. అన్నిటికీ పరీక్ష ఒకటే. సుభాషిణి కిటికీ పక్కన నిలబడి ఆనాటి పేపరు తన ముందు పట్టుకోవాలి. ఆయన అందులోని చిన్నక్షరాల మీద ఫోకసు నిలిపి తీస్తాడు. కంప్యూటర్లో పెద్దది చేసి చూసినప్పుడు 'వరుడు కావలెను' ప్రకటన చివరి అక్షరం దాకా చదవగలిగితే లెన్సు పాసు.

నా చూపుకొక గుణం ఉంది. ఎక్కడ నిలిపితే అక్కడ వెంట్రుక కూడా కనిపిస్తుంది. దాని వెనక జానెడు దూరంలో ఉన్నది మాత్రం పొగమంచులో ఉన్నట్టు చెదిరిపోతుంది. పేపరుకు జానెడు వెనక ఉండేది సుభాషిణి ముఖం. ఇన్నేళ్లలో ఎన్ని బంగారం ధరలు స్పష్టంగా పట్టుకున్నానో, ఆ ముఖాన్ని అన్నిసార్లు వదిలేశాను. మనుషులు తమకు కావలసినదాన్ని ఎప్పుడూ ముందు నిలబెడతారు, కావలసినవాళ్లు దాన్ని పట్టుకుని వెనక నిలబడతారు.

ఒకరోజు మనుషుల ముఖాలు తీయడానికి పనికొచ్చే పొడుగు లెన్సొకటి వచ్చింది. సుభాషిణి వంటింట్లోంచి విసుక్కుంటూ వచ్చి నిలబడింది. ఊరికే నిలబడలేక భర్తకు రాశిఫలాలు చదివి వినిపించింది. వాహనయోగం ఉందట. ఇంట్లో స్కూటరు అప్పటికి నెలరోజులుగా చెడిపోయి ఉంది. అది చదివి పేపరు పైనుంచి ఆయన వంక చూసింది. నా అద్దం టక్కున లేచి పడింది.

తెర మీద చూసి కాశీపతి ముఖం మాడ్చుకున్నాడు. పేపరంతా అలుక్కుపోయింది. లెన్సు చూపు జానెడు వెనక్కి పడింది.

"ఇవాళ నేను పడ్డానండీ" అంది సుభాషిణి.

"పడాల్సింది పేపరు. నువ్వు కాదు."

"అయితే మధ్యాహ్నం అన్నం కూడా ఆ పేపర్నే పెట్టమనండి" అంటూ లోపలికి వెళ్లిపోయింది.

లెన్సు అమ్మినవాడికి దోషం రుజువు చేయాలని కాశీపతి ఆ ఫోటోను దాచాడు. అవతలివాడు ఫోను ఎత్తడం మానేశాడు. లెన్సు బీరువాలో, ఫోటో కంప్యూటర్లో పడి ఉన్నాయి.

పోయిన వేసవిలో సుభాషిణి జ్వరంతో ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. పెద్దకర్మకు ఫోటో కావలసి వచ్చింది. కూతురు ప్రసూన ఆధార్ కార్డులోది పెద్దది చేయించి తెచ్చి, తనే మళ్లీ గోడవైపు తిప్పేసింది.

"ఇది అమ్మ కాదు నాన్నా. ఎవరో అమ్మని పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టినట్టుంది."

కాశీపతి ఉన్నవన్నీ వెతికాడు. పెళ్లి ఫోటోలో తల వంచుకుని ఉంది. తర్వాతవాటిలో లైటు పట్టుకున్న చెయ్యి మాత్రమే ఉంది. పేపర్ల వెనక ఎక్కడ చూసినా పొగమంచే. పాసైన లెన్సులతో తీసినవన్నీ అయిపోయాక, చివరికి తిప్పి పంపాల్సిన లెన్సుల ఫోటోలు తెరిచాడు.

అక్కడుంది ఆవిడ. జారిన కళ్లద్దాల మీదుగా ఆయన్నే చూస్తూ, పెదవి చివర నవ్వు ఆపుకుంటూ. చెంప మీద ఎండిన మినప్పిండి మరక దాకా స్పష్టంగా ఉంది.

మొదటి ప్రింటు మెరిసే కాగితం మీద వేశాడు. ముఖం నల్లబడింది. తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితానికి ఆ వెలుగు మనమే చూసి పెట్టాలి. కళ్లున్నంత మేర మాత్రం సన్నటి ముక్క ఒకటి ప్రింటు వేసి, దాన్ని ఆవిడ నిలబడే కిటికీ దగ్గరికే తీసుకెళ్లి చూసేవాడు. వెనక్కి వచ్చి కాస్త వెలుగు పెంచేవాడు. ఆ ముక్కల్లో ఒక్కటీ పారెయ్యలేదు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

చెంప మీది మరక తీసేద్దామా అని ప్రసూన అడిగింది.

"ఉండనీ అమ్మా. ఆవేళ గారెలు చేసింది" అన్నాడు.

చివరికి మెరుపు లేని, నూలుతో చేసిన కాగితం పెట్టాడు. ప్రింటరు నిదానంగా దించింది. ముందు పాపిట, తర్వాత బొట్టు, ఆ తర్వాత కళ్లు. కాగితం కింద పడకుండా ఆయన రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. సుభాషిణి మొదటిరోజు నన్ను అందుకున్నది అలాగే.

ఇప్పుడా ఫోటో స్టూడియో గోడకు ఉంది. దాని కింద బల్ల మీద నేను, నూలు చీర దుప్పటి కప్పుకుని. ఆ పొడుగు లెన్సు నాకే బిగించి ఉంది. చీరలు తీసే పని వేరే లెన్సులు చేస్తున్నాయి.

మొన్న తోటి ఫోటోగ్రాఫర్ జోజి వచ్చాడు. గోడ వైపు తేరిపార చూసి, చెప్పాలా వద్దా అన్నట్టు నసిగాడు.

"మాస్టారూ, పేపరు మీద ఫోకసు పడలేదండీ. వెనక్కి పోయింది."

కాశీపతి కళ్లద్దాలు తుడుచుకుని ఫోటో వంక చూశాడు.

"అవునయ్యా" అన్నాడు. "సరిగ్గా ఆవిడ దాకా వెళ్లి ఆగింది."