లావుపాటి మెమరీ

నేను ఒక మెమరీ బ్లాకును. చిప్పు లోపల కూర్చుని, ఇచ్చిన అంకెల్ని కాసేపు గుర్తుపెట్టుకుని, అడగ్గానే అప్పజెప్పడం నా ఉద్యోగం. పుట్టుకతో నేను కంప్యూటరు తెరమీద గీసిన ఉత్త బొమ్మను. ఏ ఫ్యాక్టరీలోనైనా తయారయ్యేలా నన్ను గీశారు. అందుకే కాస్త లావుగా ఉంటాను, చిప్పులో చోటు ఎక్కువ తీసుకుంటాను. దానికి నేనేమీ సిగ్గుపడను.

హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ తన వినికిడి యంత్రానికి సొంతంగా చిప్పు చేయించుకుంటోంది. అక్కడి ఇంజనీరు హైమవతి తొలిసారి ముందుండి నడిపిస్తున్న పని అది. ఏడాది తిరిగేలోపు చిప్పు చేతికి రాకపోతే ఆమె జట్టులోని ఆరుగురినీ తలో చోటికీ పంపేస్తామని పైవాళ్లు చెప్పేశారు.

మెమరీని ఎంచుకునే రోజున నన్నూ, నాజూకైన ఇంకో బ్లాకునూ తెరమీద పక్కపక్కన నిలబెట్టారు. అచ్చం పెళ్లిచూపులే! ఆ నాజూకుది ఒకే ఒక్క ఫ్యాక్టరీ కొలతలకి గీసింది. మేనేజరు మార్కండేయులుగారు నన్ను ఎగాదిగా చూసి, "ఇది మరీ లావమ్మా" అన్నారు.

"లావేనండీ. కానీ రేపు ఫ్యాక్టరీ మార్చాల్సొస్తే మనతో వచ్చేది ఇదే" అంది హైమ.

ఆయన గంభీరంగా తలూపి, నాజూకుదాన్నే ఖాయం చేశారు. సంగతేమిటంటే ఆయనకి సరిగ్గా వినపడదు. వినపడని చోటల్లా తలూపేస్తారు. వినికిడి యంత్రాలు చేసే ఆఫీసులో ఆ మాట ఆయనతో అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. నాకు ఒళ్లు మండింది.

హైమ ఊరుకోలేదు. నన్ను పెట్టి ఆ చిప్పుకి రెండో నమూనా కూడా గీసి దాచుకుంది.

మూడు నెలలకి ఆ ఫ్యాక్టరీ, అలాంటి చిప్పులు ఇక చెయ్యబోమని కబురు పంపింది. నాజూకుదాన్ని మరో ఫ్యాక్టరీకి మళ్లీ గీయాలంటే ఎనిమిది నెలలు, ఆపైన చిప్పు తయారీకి దాదాపు మరో ఎనిమిది నెలలు. మార్కండేయులుగారు తల పట్టుకున్నారు.

"ముందే ఒక మాట చెప్పాల్సింది కదమ్మా!"

"చెప్పానండీ. మీరు తలూపారు." ఈసారి హైమ గట్టిగానే అంది.

అందరూ బల్లకేసి చూశారు. ఆయన తలమీంచి చేతులు తీసి, "నాకు వినపడలేదమ్మా" అన్నారు. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. నా కోపం అక్కడే పోయింది.

హైమ దాచిన నమూనా బయటికి తీసింది. నన్ను కొత్త ఫ్యాక్టరీకి సర్దడానికి మూడు వారాలు పట్టింది. తయారీ పూర్తయి, గడువుకి నాలుగు రోజుల ముందు చిప్పు వచ్చింది, జట్టు నిలిచింది.

మొదటి యంత్రాన్ని మార్కండేయులుగారే పెట్టుకున్నారు. ఇప్పుడు నా కాపురం ఆయన కుడిచెవిలో. ఆ రోజు హైమ బల్లకి అవతలినుంచి, మామూలు గొంతుతో, "సార్, వినిపిస్తోందా?" అంది. మాట ముందు నా దగ్గరికే వచ్చింది. జాగ్రత్తగా పట్టుకుని అందించాను.

ఆయన కళ్లు చెమర్చాయి.

"అరవకమ్మా" అన్నారు, "వినిపిస్తోంది."