ప్రశ్నలడగని మండలి

...ఆ మాట అనకుండా ఉండాల్సింది. పోయిన వారం నాగకుబో బియ్యపు మిఠాయి డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చినప్పుడే "ఆలోచించి చెబుతాను" అంటే సరిపోయేది. కునియేదా అలా అనలేదు. "ఒరిహరా గారికంటే తగినవాళ్ళెవరున్నారు?" అన్నాడు, పైగా నవ్వుతూ. ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికి ఇప్పటికీ తెలియదు.

వన్యప్రాణి మండలిలో ఏ సంగతైనా సమావేశానికి ముందే తేలిపోతుంది. కార్యదర్శి నాగకుబో సభ్యుల ఇళ్ళకు తిరిగి ఒక్కొక్కరి చేతా సరే అనిపించుకుంటాడు. ఆ తర్వాత సమావేశంలో ఎవరూ ప్రశ్న వేయరు. వేస్తే నాగకుబో పరువు పోయినట్టే.

ఈరోజు ఉత్తరపు దీవికి పక్షి సంరక్షణాధికారిని నియమించాలి. ఆ పదవికి అనుకున్న ఒరిహరా గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ప్రతి వేసవీ ఆమే, కునియేదా ఒకే పడవలో పక్షులను లెక్కపెట్టడానికి వెళ్ళేవారు. ఫ్లాస్కు మూతలో టీ ఒకరి తర్వాత ఒకరు తాగేవారు. అంతే. ఆ కాస్త చోటులోనే అతను ఆమెకు తెలియకుండా మనసులో కాపురం పెట్టేశాడు.

ఇందాక వరండాలో ఆమే పలకరించింది.

"మీరూ సరేనన్నారటగా?"

"మంచి ఉద్యోగం కదండీ."

"ఏమో, మిఠాయి డబ్బా నా గుమ్మం దాకా రాలేదు." నవ్వింది. "చలికాలంలో అక్కడికి పడవలు కూడా ఉండవట. పక్కన మీ గొణుగుడు లేకపోతే నాకు లెక్క తప్పుతుందేమో."

"కొత్తగా వచ్చేవాళ్ళూ గొణుగుతారులెండి."

ఆమె నవ్వు అలాగే ఉంది. చూపు మాత్రం కిటికీ వైపు వెళ్ళిపోయింది.

అధ్యక్షుడు త్సుకామోరి కాగితం చదివి కళ్ళద్దాలు తీశాడు. "మరి, ఎవరికీ అభ్యంతరం లేదనుకుంటాను."

తలలు వంగాయి. కునియేదా మెడ కూడా అలవాటుగా వంగబోయి, ఆగింది. ఇన్నేళ్ళూ తనకేం కావాలో ఎవరైనా ముందుగా ఇంటికొచ్చి అడుగుతారని కూర్చున్నాడు. అడిగితే చెబుదామనుకున్నాడు. ఎవరొస్తారు?

చేయి బల్ల మీంచి లేచింది. నాగకుబో ముఖం పాలిపోయింది.

"ఏం కునియేదా గారూ, మంచినీళ్ళు కావాలా?" అన్నాడు అధ్యక్షుడు.

"వద్దండీ. ఒక ప్రశ్న ఉంది."

కుర్చీ వెనక్కి జరిపి, గోడ వైపు తిరిగాడు.

"ఒరిహరా గారూ, మీకు వెళ్ళాలని ఉందా?"