దరియాలతిప్ప సీసా

2016 అక్టోబరు ఇరవై ఏడు, గురువారం. ఆ మధ్యాహ్నం లూయిస్ మాస్టారు చీరమేను గారెలు తిన్నారు. దీపావళికి ఇంకా మూడు రోజులుంది. గోదావరిలోకి చీరమేను, ఆ సన్నటి చేపపిల్లలు, వచ్చిన మొదటి వారం అది. భార్య ఫిలోమినా మూకుట్లోంచి తీసినవి తీసినట్టు కంచంలో వేస్తోంది. తొమ్మిదో గారె దగ్గర ఫోను మోగింది. దరియాలతిప్ప అంగన్‌వాడీ నుంచి. చేతిపంపు నీళ్ళు పరీక్ష చెయ్యాలి గదా, సీసాలు పట్టుకుని ఎప్పుడొస్తారని అడిగారు.

"ఏదో ఒక శుభ్రమైన సీసాలో పట్టి మీరే పంపించెయ్యండమ్మా," అని ఆయన పదో గారె అందుకున్నారు.

సాయంత్రానికి సీసా వచ్చింది. ఫరంపేట మిషన్ కాలేజీలో ఆయన కెమిస్ట్రీ చెప్పేవారు, ఆమె ల్యాబ్ చూసుకునేది. చుట్టుపక్కల నీళ్ళన్నీ పరీక్షకి అక్కడికే వచ్చేవి. తిప్ప నీళ్ళలో ఉప్పు, తాగదగ్గ హద్దుకి మూడు రెట్లుందని తేలింది. ఫిలోమినా సంతకం పెట్టింది. వారం తిరక్కుండా, తాగకూడదని గుర్తుగా, ఆ పంపుకి ఎర్రరంగు పూశారు.

ఆ కాగితం మీద ఆమెకెందుకో మనసు కుదరలేదు. "ఇంకోసారి తెప్పించి చూద్దాం అండీ," అనేది. ఈలోగా పరీక్ష చేసే మిషను పాడైంది, తరవాత ఆమె ఆరోగ్యం పాడైంది. 2018 ఏప్రిల్లో, కాకినాడ ఆస్పత్రిలో, మాట సరిగ్గా రాని ఆఖరి రోజుల్లో కూడా, "తిప్ప నీళ్ళు చూశారా?" అని అడిగింది.

"చూశాను. నువ్వు రాసిందే కరెక్టు," అన్నారాయన. చూడలేదు.

ఆమె పోయాక ల్యాబ్‌కి తాళం పడింది. ఏడేళ్ళ తరవాత, 2025 ఫిబ్రవరిలో, ఆ తాళం మళ్ళీ తీయించింది నాగదుర్గ. ఆమె దరియాలతిప్ప అంగన్‌వాడీలో ఆయా. అంతకుముందు ఆ పని వాళ్ళమ్మది; ఆవిడ పోయాక ఈమెకి వచ్చింది. ఎర్రరంగు పడ్డప్పటి నుంచి పిల్లలు తాగే నీళ్ళు తల్లి మోసింది, ఇప్పుడు కూతురు మోస్తోంది, పక్క పేట కుళాయి నుంచి, రోజుకి ఆరు బిందెలు.

"నోటికి బాగానే ఉన్నాయి మాస్టారండీ. కాగితం మీదే ఉప్పగా ఉన్నాయి," అంది. "కాగితం మారితే గానీ రంగు తియ్యరంట. ఒక్కసారి చూసి పెట్టండి."

మాస్టారు కొత్త ప్రిన్సిపాల్ దగ్గర తాళంచెవి పుచ్చుకున్నారు. పుచ్చుకున్నారే గానీ వెంటనే వెళ్ళి తలుపు తియ్యలేదు. నీళ్ళు మంచివని తేలితే ఫిలోమినా రాసింది తప్పవుతుంది. ఆమె సంతకం పెట్టిన కాగితాల్లో ఒక్కటీ తప్పని ఎవరూ అనలేదు. పోయిన మనిషి తప్పుని తన చేత్తో బయటికి లాగడానికా ఈ మిషన్లు బాగుచెయ్యడం?

కాలేజీ వాచ్‌మన్ సత్తిబాబు గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అమ్మగారు తిరుగుతున్నారండి లోపల. మొన్న గాజు గొట్టాలు గలగలమన్నాయి."

"ఎలకలురా."

"ఎలకలు 'ఆ గొట్టం అక్కడ పెట్టకు' అని తిడతాయాండి?"

మాస్టారు నవ్వారు. నవ్వాక వెనక్కి తిరిగి చూశారు.

ఏటిగాలి ఆ గదిని ఏడేళ్ళూ నాకింది. ఇనుము ముట్టుకుంటే పొరలుగా రాలింది. రబ్బరు గొట్టాలు పట్టుకుంటే విరిగాయి. ఆయన రోజూ పదింటికి వచ్చి ఒక్కో వస్తువూ ముందేసుకుని కూర్చునేవారు. నీళ్ళు మరిగించి ఆవిరి పట్టే యంత్రంలో పేరుకున్న సున్నప్పొర విడిపోవడానికి వెనిగర్ పోసి రాత్రంతా వదిలేశారు. త్రాసు పెట్టెలో చీమలు పెట్టిన గూడుని కుంచెతో, పిల్లలు చెదరకుండా, కాగితం మీదికి ఎత్తి కిటికీ అవతల పెట్టారు. అలమారలో ఒక గోధుమరంగు సీసా దొరికింది. దాని మీద ఫిలోమినా రాత: 'మాస్టారు ముట్టుకోరాదు.' ఆయన దాన్ని ముట్టుకోలేదు. తలుపు మళ్ళీ దగ్గరగా వేశారు.

ఆ ఎలక్ట్రానిక్ త్రాసు మాత్రం ఆయన్ని భయపెట్టింది. ఖాళీ పళ్ళెం మీద సున్నా చూపించాలి. చూపించి, కాసేపాగి, నాలుగో అంకె మెల్లిగా పైకి పాకేది, ఎవరో బల్ల మీద మోచెయ్యి ఆనించినట్టు. మాస్టారు ఊపిరి బిగబట్టేవారు. అంకె మళ్ళీ కిందికి దిగేది. బల్ల కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టారు, కిటికీ మూశారు. మూడో రోజుకి అది నిలకడగా నిలబడింది. అప్పుడు ఆయనకి ఊరట కలగాలి. గది ఖాళీ అయిపోయినట్టు అనిపించింది.

ఆఖరిది ఫ్లేమ్ ఫొటోమీటర్. అందులో గ్యాసు మంట ఉంటుంది. నీళ్ళు సన్నటి తుంపరగా మంటలోకి పోతాయి. మంచినీళ్ళయితే మంట నీలంగానే ఉంటుంది. ఉప్పుంటే పసుపు రంగుకి తిరిగి పచ్చబడుతుంది. ఎంత పచ్చబడిందో మిషను లెక్క చెబుతుంది. నీళ్ళు పీల్చే సన్నగొట్టం పూడుకుపోతే మాస్టారు వీణ తీగ లాంటి తీగతో రెండ్రోజులు పొడిచి తెరిపించారు. మంట వెలిగింది. నీలంగా, నిటారుగా.

సాయంత్రం నాలుగున్నరకి, ఏ నీళ్ళూ పెట్టకుండానే, ఆ మంట ఒక్కసారి పచ్చగా మెరిసింది.

"ఫిలో?" అన్నారాయన.

సముద్రం గాలి ఇటు తిరిగినప్పుడు ఉప్పు రేణువు ఒకటి మంటలో పడుతుంది. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి చెప్పిన పాఠమే. అయినా ఆయన కుర్చీ పక్కకి జరిపి, ఇంకో కుర్చీ పట్టేంత చోటు వదిలారు.

మర్నాడు తిప్పకి వెళ్ళి నీళ్ళు తేవాలనుకున్నారు. ఈలోపే నాగదుర్గ సీసా పట్టుకుని దిగింది. గాజు సీసా, మిలమిల మెరుస్తోంది.

"మీరు ముసలోరు, అంత దూరం ఎందుకండీ. నేనే పట్టుకొచ్చేశాను."

ఆ నీళ్ళు పెట్టగానే మంట భగ్గున పచ్చబడింది. మిషను ముల్లు కుడి చివరకి కొట్టుకుంది. మాస్టారు గబుక్కున లేచి నిలబడ్డారు.

"కరెక్టే! ఫిలోమినా రాసింది కరెక్టే!"

నాగదుర్గ మొహం చూశాక ఆయన గొంతు దిగిపోయింది. ఆరు బిందెలు మోసే మనిషి ముందు తాను దేనికి సంబరపడుతున్నాడు?

"అంతేనాండి అయితే," అంది ఆమె. "ఎంత జాగర్తగా తోమానో సీసా."

"ఎలా తోమావు?"

"అందులో చేపనూనె ఉండేదండి. కంపు పోవాలి గదా. కల్లుప్పు పోసి బాగా గిలక్కొట్టాను. నీళ్ళతో తొలిపితే వేరే నీళ్ళు కలిసిపోయి పరీక్ష పాడవుద్దని, ఆవకాయ జాడీలాగా దులిపి ఎండలో పెట్టేశాను. మా అమ్మ అప్పుడలాగే చేసింది. మీ ల్యాబుకి పంపే సీసా అని రెండు మాట్లు చేసింది, పాపం."

మాస్టారు కూర్చున్నారు. మంట పచ్చగా మండుతూనే ఉంది. ఆయన చెయ్యి చాచి సీసా తప్పించారు.

మధ్యాహ్నం మాస్టారు సత్తిబాబు మోటారుసైకిల్ వెనకెక్కి, ల్యాబు సీసా ఒళ్ళో పెట్టుకుని తిప్పకి వెళ్ళారు. ఎర్ర పంపు కొట్టించి, ఆ నీళ్ళతోనే మూడుసార్లు తొలిపి, నాలుగోసారి నింపారు. వెనక్కొచ్చి మిషను దగ్గర పెట్టారు. మంట నీలంగానే ఉంది. అంచున మాత్రం ఒక లేత పసుపు పోగు. పదిసార్లు చూశారు. పదిసార్లూ అదే. హద్దులో సగం కూడా లేదు.

నాగదుర్గ గుమ్మంలో నిలబడి ఉంది.

"నీళ్ళు మంచివి," అన్నారు మాస్టారు.

"అయితే అప్పుడు... మా అమ్మ సీసా వల్లాండి?" అంది ఆమె. "మా అమ్మ వల్లే పంపు పోయిందా?"

'సీసా సరిగ్గా లేదు' అని ఊరుకుంటే సరిపోతుంది. ల్యాబు పొరపాటని రాసినా సరిపోతుంది. పోయిన ఇద్దరు ఆడవాళ్ళలో ఎవరి మీద వేసినా తిరిగి మాట్లాడరు. మాస్టారు బల్ల పక్క వదిలిన చోటు వైపు చూశారు.

"మీ అమ్మ వల్ల కాదమ్మా. మా ఆవిడ వల్లా కాదు. సీసాలు నేను పట్టుకెళ్ళాలి. అది నా పని. ఆ రోజు ఇంట్లో గారెలు వేస్తున్నారని వెళ్ళలేదు."

నాగదుర్గ గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"బాగున్నాయాండి గారెలు?"

"బాగున్నాయి," అన్నారాయన. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"మా అమ్మ మెడ వంగిపోయి చచ్చిపోయింది మాస్టారూ."

ఆయన కాగితం తీసుకుని రాశారు: నీరు తాగుటకు యోగ్యము. పాత నివేదికలో పరీక్ష సరిగానే జరిగింది. నమూనా తీసుకొనుటకు వెళ్ళవలసిన లూయిస్ వెళ్ళలేదు. ఆ లోపమునకు అతనిదే బాధ్యత. సంతకం పెట్టి, పైకి చదివి వినిపించారు.

ఆమె కాగితం మడిచి జాకెట్లో దోపుకుంది. క్షమించాననలేదు. గుమ్మం దిగుతూ ఆగి, "పొద్దుట్నించి ఏవీ తిన్నట్టు లేరు. ఇంటికెళ్ళి ఎంగిలిపడండి," అని వెళ్ళిపోయింది.

ఆ మాటకి ఆయన కళ్ళు నిండాయి. బయట దీపాలు పెట్టే వేళవుతోంది. గ్యాసు కట్టేశారు. మంట ముడుచుకుని ఆరిపోయింది.

"చూశాను ఫిలో," అన్నారు గదిలోకి. "ఇప్పుడు నిజంగా చూశాను."

ఏదీ కదల్లేదు. ఆ తరవాత లైటు తీసేసి, బయటికి వచ్చి, రెండు రెక్కలూ చప్పుడు కాకుండా దగ్గరికి చేర్చి తలుపు వేశారు.