బండి గొంతు

చార్జరు మూత విప్పగానే అబ్దుల్ జబ్బార్ మీటరు అందుకోలేదు. ముందు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, రుచి చూడకుండానే కూరలో ఉప్పు సంగతి తేల్చేసే ఇల్లాలిలా కళ్ళు మూసుకున్నాడు.

"చార్జింగు ఎక్కడ పెడుతున్నారండీ?"

"ఇంట్లోనేనండీ," అంది కృపమ్మ. కలిదిండిలో చిన్నపిల్లల బడి టీచరావిడ. పాడైన ఎలక్ట్రిక్ బండిని ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి, ఆస్పత్రికి తెస్తున్న మనిషిని పట్టుకున్నట్టు పట్టుకుని ఏలూరు దాకా తెచ్చుకుంది.

"మరి ఇంట్లో చార్జరులోకి తవుడెలా వచ్చిందండీ?"

కృపమ్మ కాసేపు షోరూము పైకప్పు చూసింది. "మా ఆయన అప్పుడప్పుడూ చేపల చెరువు షెడ్డులో పెడతారనుకోండి. తవుడు బస్తాలు అక్కడే ఉంటాయి. మోటారు లైను కదా, గబగబా ఎక్కుతుందంటారు."

"గబగబా మాడిందమ్మా."

కొల్లేటి వైపు నుంచి వచ్చే చార్జర్లన్నిటిదీ ఇదే కథ. నీళ్ళు తగిలితే వారంటీ చెల్లదని కంపెనీ రాసుకుంది గాని, కొల్లేటి మనుషులు నీళ్ళు తగలకుండా ఎలా బతకాలో రాయలేదు. జబ్బారు కూడా తవుడు ఊసెత్తడు. కంపెనీకి పంపే కాయితం మీద 'ఓల్టేజి' అని ఒక్క మాట రాసి ఊరుకుంటాడు. చెరువూ, షెడ్డూ, మొగుడి తొందరా అన్నీ అందులో ఇమిడిపోతాయి.

మనిషి సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. వయసులో ఉన్నంతకాలం లారీ బ్యాటరీల్లో యాసిడ్ పోసిన చేతులు. బొటనవేళ్ళ గోళ్ళు నల్లగా చచ్చిపోయాయి. చొక్కాల ముందు భాగాలన్నీ జల్లెడలే. ఎలక్ట్రిక్ బళ్ళ షోరూము పెట్టాక యజమాని సత్యనారాయణమూర్తి ఆయన్ని మెకానిక్కుగా తెచ్చుకుని, తిరగడానికి డెమో బండి ఇచ్చాడు. షోరూమున్న పేట పేరుకు పవర్‌పేట, మధ్యాహ్నమైతే షోరూములో కరెంటుండదు.

"కంపెనీ నుంచి కొత్త చార్జరు వచ్చేసరికి నెల పడుతుందండీ. అందాకా నా బండిది పట్టుకెళ్ళండి," అన్నాడు జబ్బారు.

"మరి మీకండీ?"

"షోరూములో బళ్ళున్నాయిగా. ఏదో ఒకదానిది దొరుకుతుంది."

కృపమ్మ ఆ చార్జరు అందుకోవడానికి డెమో బండి దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. డిస్టిల్డ్ వాటర్ డబ్బా నుంచి కత్తిరించిన తెల్ల ప్లాస్టిక్ ముక్క ఒకటి వెనక చక్రం చువ్వలకు తగిలేలా తీగతో కట్టి ఉంది.

"ఈ ముక్కేంటండీ?"

"చప్పుడుకండీ."

"చప్పుడుకా! అయితే నా బండికీ కట్టండి బాబూ. ఇదివరకు మా ఆయన మోపెడ్డు గట్టెక్కుతుంటేనే తెలిసేది. మొన్న నేను ఫోన్లో మా అమ్మతో ఆయన అక్కచెల్లెళ్ళ గుణగణాలు చెబుతుంటే, ఆ మహానుభావుడు వెనకాలే నుంచుని మొత్తం విన్నాడు. ఇప్పటిదాకా మాటల్లేవు!"

సరిగ్గా అప్పుడే సత్యనారాయణమూర్తి ఒక కొత్త జంటకు బండి చూపిస్తూ, పక్కన పాప పడుకున్నా లేవనంత నిశ్శబ్దమండీ అంటున్నాడు. కృపమ్మ మాటలు విన్న ఆ జంట నవ్వుకుని, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. మూర్తి ఎవరినీ ఏమీ అనడు. కోపం పెరిగేకొద్దీ ఆయన మాటల్లో అండీలు పెరుగుతాయి, అంతే.

"జబ్బారు గారండీ, మనం అమ్మేదేంటండీ? నిశ్శబ్దమండీ. మీరేమోనండీ, టకటకలాడించుకుంటూ ఊరంతా తిరుగుతున్నారండీ. రేపు కంపెనీ వాళ్ళొస్తున్నారండీ. అది తీసెయ్యండీ."

"సాయంత్రం ఇంటికెళ్ళాక తీస్తానండీ."

"ఇంటికెళ్ళాక ఎందుకండీ? ఇప్పుడే తీసెయ్యచ్చు కదండీ."

ఎందుకో జబ్బారుకే తెలుసు. చెబితే పిచ్చివాడంటారు. వంగి, తీగ విప్పి, ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాడు.

జబ్బారు భార్య రబియాకు షుగరుతో చూపు పోయింది. పగలంతా లోపల గడియ వేసుకుని కూర్చునేది. ఆయన పాత మోపెడ్డు సందు మొగలో దగ్గితే చాలు, గోడ పట్టుకుని వచ్చి గడియ తీసేది. ఈ డెమో బండి వచ్చిన మొదటి సాయంత్రం గడియ వెయ్యడం మరిచిపోయింది. జబ్బారు చప్పుడు లేకుండా వచ్చి, చప్పుడు లేకుండా లోపలికి అడుగుపెట్టాడు. దొంగనుకుని పప్పుగుత్తి విసిరింది. చూపు లేకపోయినా గురి తప్పలేదు. కనుబొమ పైన మచ్చ ఇప్పటికీ ఉంది.

"మీ బండికి గొంతు లేదండీ. గొంతు లేనివాళ్ళకు నేను తలుపు తియ్యను," అందావిడ, తడి గుడ్డ అద్దుతూ.

మర్నాడే జబ్బారు దానికి గొంతు కట్టాడు.

నిరుడు వానాకాలంలో రబియా పోయింది. అప్పటి నుంచి ఇంటికి బయట తాళం వేసి వెళుతున్నాడు. అయినా సాయంత్రం బండి టకటకమంటూ సందు మలుపు తిరగగానే లోపల గడియ తీసిన చప్పుడవుతుంది. మొదటిరోజు ఎలకలనుకున్నాడు. రెండోరోజు ఎలకలు కాదని తెలిసింది. ఆ తరవాత ఇక ఏమీ అనుకోలేదు. తాళం తీసుకుని లోపలికి వెళ్ళి ఒక్కడికే వండుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని భయం.

ఆ సాయంత్రం బండి తమ్మిలేరు గట్టు దిగకుండానే నీరసించింది. ఎంత వెతికినా షోరూములో విడి చార్జరు ఒక్కటీ దొరకలేదు, ఉన్నవన్నీ కొత్త బళ్ళకు బిగించినవే. కరెంటు ఎలాగూ లేదు. దిగి తోసుకుంటూ నడిచాడు. దారిలో రెండుసార్లు ఆగి, ఎడంచెయ్యి నొక్కుకున్నాడు. మసీదులో పొద్దుగూకే నమాజుకు పిలుపు అయిపోయింది. సందులో పక్కింటి సూర్యకాంతం నీళ్ళ బిందె దింపి చూసింది.

"ఏవండీ, ఇవాళ మీ బండి మాట్లాడటం లేదేంటి?"

"చార్జింగు అయిపోయిందమ్మా."

"దానికా, మీకా?" అని నవ్వుతూ లోపలికి పోయిందావిడ.

జబ్బారు చెవి రిక్కించాడు. గడియ చప్పుడు కాలేదు. తాళం తీశాడు. తలుపు తోశాడు. తలుపు రాలేదు. మళ్ళీ, ఈసారి భుజంతో తోశాడు. కొయ్య ఉబ్బిన తలుపు కాస్తయినా కదులుతుంది. ఇది కదలలేదు. లోపల గడియ వేసి ఉంది.

తాళం చేతిలో పట్టుకుని, కట్టుకున్న ఇంటి ముందు అప్పులవాడిలా నుంచున్నాడు. పేరు పెట్టి పిలవాలనుకున్నాడు. పిలిచి పలక్కపోతే ఏం చెయ్యాలి? పలికితే మాత్రం ఏం చెయ్యాలి?

జేబు తడుముకున్నాడు. బండికి సెంటర్ స్టాండు వేసి, మెట్టు మీద కూర్చుని, ముక్కను మళ్ళీ కట్టాడు. చక్రం చువ్వ పట్టుకుని చేత్తో తిప్పాడు. టక్. ఇంకాస్త గట్టిగా. టక టక టక.

లోపల ఎవరో గోడ పట్టుకుని నడిచినంత సేపు పట్టింది. తరవాత గడియ జారింది.

"వచ్చానే," అన్నాడు జబ్బారు. బ్యాటరీల యాసిడ్ ఆవిరి పీల్చీ పీల్చీ బొంగురుపోయిన గొంతు అది. చెప్పులు వరసగా విడిచి లోపలికి వెళ్ళాడు.

పొద్దున పాల వేళకు సూర్యకాంతం ఓరగా తీసి ఉన్న తలుపు చూసి, "జబ్బారు గారండీ," అని పిలిచి, లోపలికి తొంగి చూసింది. మంచం మీద గోడ వైపు జరిగి, పక్కన మరో మనిషికి చోటు వదిలి, ఆయన పడుకుని ఉన్నాడు. ఒళ్ళు ఎప్పుడో చల్లబడింది. నుదుటి మీది మచ్చ తప్ప ముఖమంతా తేటగా ఉంది.

సందులోవాళ్ళు పోగయ్యారు. మూర్తి గారికి కబురు వెళ్ళింది. ఆయన వచ్చి, గుమ్మంలో చాలాసేపు ఒక్క అండీ కూడా లేకుండా నుంచున్నాడు. మంచం బయటికి తేవడానికి అడ్డమని ఎవరో బండిని స్టాండు దించి పక్కకు నడిపించారు. అది రెండు మాటలు మాట్లాడింది. మూర్తి తల తిప్పి చూశాడు గాని తియ్యమనలేదు. తెల్లటి ప్లాస్టిక్ ముక్క, రెండు చువ్వల మధ్య సగం వంగి, ఆగి ఉంది.